మా తోడికోడలి పరుగు దారులు

మా తోడికోడలు ఉండే ఇంగ్లండు పల్లెను నేను ఇంతవరకూ చూడలేదు. అయినా ఆ ఊళ్ళో ఎక్కడ మలుపు తిరగాలో, ఎక్కడ బురద ఉంటుందో అడగండి, చెబుతాను. చర్చి ముందు నుంచి ఎడమకు తిరిగితే గుర్రాల దొడ్డి. దాని వెనక సన్నటి సందు, రెండు పక్కలా మనిషెత్తు పొదలు. సందు చివర కంచె దాటడానికి చెక్క మెట్లు. అక్కణ్ణుంచి గొర్రెలు మేసే బీడు, బీడు దిగితే వాగు, వాగు మీద ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఆగాల్సినంత ఇరుకు వంతెన. ఇదంతా ఆవిడ పరుగెత్తుతూ ఫోన్లో తీసి, రోజూ పొద్దున్నే మా కుటుంబం గ్రూపులో పెట్టే వీడియోల పుణ్యం.

ఆవిడ మా మరిది భార్య. కరోనా సద్దుమణిగాక అక్కడి వృద్ధాశ్రమంలో నర్సు ఉద్యోగం వస్తే ఇద్దరూ వెళ్ళారు. మేము అప్పటికే అబూధాబీ ఎడారిలోని రువైస్‌లో ఉన్నాం. మా ఆయనకు రిఫైనరీలో షిఫ్టు పని, కంపెనీ ఇచ్చిన ఇల్లు. నా చదువు ఏడో తరగతితో ఆగింది, ఆవిడ నర్సింగు చదివింది. అదేమీ నాకు బాధ కాదు. పెళ్ళైన కొత్తలో పాలకేంద్రం దాకా నడవమంటే "కాళ్ళు లాగేస్తున్నాయక్కా" అని రిక్షా పిలిచిన మనిషి ఇప్పుడు పచ్చటి పొలాల మధ్య లేడిలా గెంతడం, నేను ఉల్లిపాయలు తరుగుతూ దాన్ని చూడాల్సి రావడం, అదీ నా బాధ.

"చూశావా, ఎలా దూసుకుపోతోందో! ఆ గాలే వేరు," అన్నారు మా ఆయన ఒకరోజు, ఫోను నా ముఖం ముందు పెట్టి.

"ఈ గాలి పీల్చుకుంటూ నేను పెట్టిన పులుసు ఎలా ఉందో కూడా చెప్పొచ్చు."

"బానే ఉందిలేవే."

పులుసుకు దక్కింది ఆ 'బానే' ఒక్కటే. ఆ వీడియోకు మాత్రం ఎర్ర గుండె బొమ్మ. నేను చూడలేదనుకున్నారు.

రువైస్‌లో వేసవి వచ్చిందంటే తలుపు తీయగానే కళ్ళద్దాలకు ఆవిరి పట్టేస్తుంది. సూపర్‌మార్కెట్ దాకా వెళ్ళొస్తే జాకెట్టు పిండుకోవాలి. నడవాలంటే పొద్దుగూకి, మగ్రిబ్ అజాన్ అయ్యాక, కాలనీ చుట్టూ ఇటుకలు పరిచిన బాట మీదే. ఎటునుంచి మొదలుపెట్టినా మళ్ళీ అక్కడికే వస్తాం. ఆ బాట మీద నా చెయ్యి పట్టుకుని నడక నేర్చుకుంది మా అమ్మాయి. దానికి పద్నాలుగేళ్ళు వచ్చేసరికి నాతో రావడం మానేసింది.

"నీతో ఏం నడుస్తామమ్మా, రెండడుగులకోసారి ఎవరో ఒకరితో మాట్లాడ్డానికి ఆగిపోతావు."

అలాంటి పిల్ల ఆ ఏడాది సెలవులకు పిన్ని దగ్గరికి వెళ్తానంది. వీసా వచ్చింది. సగం సెలవులు అక్కడ, మిగతా సగం ఇక్కడ అని టికెట్ కొన్నాం. ఆవకాయ, కందిపొడి, పూతరేకులు కట్టి నేనే పంపాను. పిల్లను కూడా ఆ మూటతోపాటు పంపేశానని తరువాత అనిపించింది.

రోజూ ఫోను చేసేది. పాపం, నన్ను మరిచిపోలేదు. కానీ చెప్పే ముచ్చట్లన్నీ దారులే. "ఈరోజు గుర్రాల దారి అమ్మా." "ఈరోజు వాగు దారి, బూటు ఊడి బురదలో ఉండిపోయింది, పిన్ని ఒంటికాలి మీద నిలబడి లాగింది!" వెనక నుంచి మా తోడికోడలు నవ్వు. ఇద్దరి బుగ్గలూ ఒకేలా ఎర్రబడి ఉండేవి. నేను గ్లాసు పట్టుకుని ఇల్లంతా తిరిగినా ముట్టని పాలు అక్కడ గటగటా తాగుతోందట. పైగా, "పిన్ని జడ భలే గట్టిగా వేస్తుంది, ఎంత పరుగెత్తినా ఊడదు" అంది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

ఒకనాడు పరుగెత్తుతూనే వీడియో కాల్ చేసింది. కంచె మెట్లు దాటాక ఎదురుగా పండిన గోధుమ చేను, బంగారు రంగులో అలలు అలలుగా ఉంది. దారి ఆ చేను నడిమధ్య నుంచే పోతోంది. మా తోడికోడలు గోధుమ వెన్నుల మధ్య నుంచి దూసుకుపోయింది. మా అమ్మాయి గట్టున ఆగిపోయింది.

"రావే, దారి ఇదే!" అని కేకేసింది ఆవిడ.

"పంట తొక్కుకుంటూ ఎలా వస్తాను పిన్నీ? అమ్మ చంపేస్తుంది."

దానికి ఊహ తెలిసిన కొత్తలో, సెలవులకు మా ఊరు వెళ్ళినప్పుడు నేనే నేర్పాను. వెన్ను పట్టిన చేలో కాలు పెట్టకూడదు, గట్టు వెంటే పోవాలి. ఇది గట్టు పట్టుకుని చుట్టూ తిరిగి బయలుదేరింది. ఒక గోధుమ వెన్ను కాలికి తగిలితే వంగి దాన్ని తాకి కళ్ళకద్దుకుంది. ఫోనులో అది చూసి నా ఒళ్ళు పులకరించింది. ఎన్ని మైళ్ళు పరుగెత్తించినా ఆవిడ ఊడబెరకలేనిది ఒకటి ఆ పిల్లలో నాది ఉంది అనుకున్నాను. అంతలో దురదగొండి లాంటి ఆకు పిక్కలకు రాసుకుని అది కెవ్వుమంది. ట్రాక్టరు మీద ఉన్న ముసలి రైతు చెయ్యి ఊపుతూ ఏదో అరిచాడు. ఫోను ఆగిపోయింది.

కాసేపటికి మా తోడికోడలే చేసింది.

"కంగారుపడకక్కా, మందు రాశాను. నేనూ మొదట్లో అచ్చం ఇలాగే గట్టంట తిరిగేదాన్ని. ఈ తాతే పట్టుకుని చెప్పాడు. ఇక్కడ చేలో నుంచి పోయే బాట అందరిదీ అంట. జనం నడవకపోతే మూసుకుపోద్దంట. గట్టు తొక్కితేనే తప్పంట!"

"నువ్వూ కళ్ళకద్దుకున్నావా?"

"ఇప్పటికీ అద్దుకుంటాను. ఎవరూ చూడకుండా."

నాదనుకున్నది కూడా ఆవిడకు ఉంది. మర్నాటి వీడియోలో మా అమ్మాయి చేను మధ్య నుంచే పరుగెత్తింది, పిన్ని వెనకాలే, చేతులు బార్లా చాపుకుని. అంత ఆనందంగా దాన్ని నేనెప్పుడూ చూడలేదు.

ఆ వారంలోనే అడిగింది. "అమ్మా, టికెట్ మార్పించవా? మిగతా సెలవులు కూడా ఇక్కడే ఉంటాను."

"ఉండనీయవే," అన్నారు మా ఆయన. "ఈ ఎండలో వచ్చి ఏం చేస్తుంది? ఏసీ కింద పడుకోవడమేగా."

"రావాలి."

"ఎందుకు?"

"నాకు కావాలి, అందుకు."

"ఏడుపు కాకపోతే ఏంటది? తోడికోడలి మీద ఏడుపు."

"అవును, ఏడుపే. టికెట్ మార్చేది లేదు."

ఆయన చేతులెత్తేశారు. "ఖలాస్. నువ్వే చెప్పుకో దానికి."

చెప్పాను. అది ఏడవలేదు, అరవలేదు. "సరే" అంది. ఆ ఒక్క మాటతో నాకు నిద్ర పట్టలేదు.

అబూధాబీ విమానాశ్రయంలో బయటికి వచ్చి నాన్నను వాటేసుకుంది. నాకు బ్యాగు అందించింది. రువైస్ దారి మీకు తెలియకపోతే చెబుతాను, ఇసుక, లారీలు, ఒంటెలు రోడ్డెక్కకుండా వేసిన కంచె, అంతే. మాట్లాడుకోని ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే ఆ దారి ఇంకా పొడుగు. నేను ఉండబట్టలేక వెనక సీట్లో దానికి ఇంకా దగ్గరగా జరిగాను. సగం దూరం వచ్చాక అది కిటికీలోకి చూస్తూనే అడిగింది.

"ఎందుకు రమ్మన్నావమ్మా? నిజం చెప్పు."

"నువ్వు లేక ఇల్లు బోసిపోయింది."

"అది కాదు."

ముందు సీటు అద్దంలో మా ఆయన కళ్ళు నన్నే చూస్తున్నాయి. ఇక దాచి లాభం లేదు.

"మీ పిన్ని దగ్గర నువ్వు అంత సంతోషంగా ఉంటే చూడలేకపోయానే. చాలా?"

అది ఇటు తిరిగింది. కోపంగా చూస్తుందనుకుంటే నవ్వింది.

"పిన్ని ముందే చెప్పింది."

"ఏమని?"

"'టికెట్ మారదే, బట్టలు సర్దుకో. మీ అమ్మ రమ్మంటుంది. నాకు కూతురుండి నీలా వేరొకళ్ళ దగ్గర కూర్చుంటే నేను ఒక్క వారం కూడా ఆగను' అంది."

మా ఆయన పెద్దగా నవ్వారు. మా అమ్మాయి తల నా భుజం మీద వాల్చింది. ఆ బరువు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. కానీ నా మనసు మాత్రం చేను మధ్యలో పరుగెత్తే ఆవిడ వెంటే ఉంది. నా ఏడుపు కూడా నాకన్నా ముందు ఆవిడకే తెలిసిపోయిందా!

"ఆ నవ్వు చాలు," అన్నాను ఆయనతో. "ముందు లారీ ఉంది, రోడ్డు చూసి నడపండి."