గార్డు అన్నం ముట్టలేదు

ఆ కుక్కకి దండం పెట్టినవాళ్ళలో మొదటిదాన్ని నేనే. ఈ సంగతి ముందే ఒప్పుకోవడం మంచిది. ముప్పయ్యొక్క ఏళ్ళు ఖరగ్‌పూర్‌లో తెలుగు పిల్లలకి ఒత్తులూ గుణింతాలూ దిద్దించాను. ఎవరి తప్పుకైనా ఎర్రసిరాతో సున్నా చుట్టేదాన్ని. నా తప్పు దగ్గరికొచ్చేసరికి కలం మూసేసుకుంటే ఊరుకుంటారా?

తాల్‌బగీచాలో మా పక్కిల్లు నూకాలమ్మది. టెక్కలి పక్క పల్లె. పెళ్ళయి పదహారేళ్ళ వయసులో ఇక్కడ రైలు దిగి, ఎంత నడిచినా తరగని ప్లాట్‌ఫారం చూసి, "ఇదేనేటి ఊరు, ఇళ్ళు కట్టనేదేటి?" అని మొగుణ్ణి అడిగిందట. ఆయన జవాబు చెప్పలేదట. ఆయన పేరు దేముడు, మనిషి అంతే. రైల్వేలో కేబిన్‌మేన్. పట్టాలు మార్చే లీవర్లు లాగడం ఆయన పని. బయట ఎంత నోరు మెదిపేవాడో గాని ఇంట్లో మాత్రం రోజుకి పది మాటలు మాట్లాడితే ఆ రోజు పండగే.

మాటల లోటు నూకాలమ్మ పూడ్చింది. మొగుడు రిటైరైన ఏడాది రెండు పెద్ద గ్రైండర్లు కొని ఇడ్లీపిండి వ్యాపారం పెట్టింది. పొద్దున్నే డబ్బాలు ఆటోలో వేసుకుని ప్రేమ్ బజార్ వెళ్ళేది. అక్కడి కాలేజీలో చదువుకునే గుంటూరు, వరంగల్ పిల్లలకి ఆమె పిండి అమ్మమ్మ. ఆటోవాడితో బెంగాలీలో, పోలీసుతో హిందీలో, పిండి పులిసిందన్నవాడితో అచ్చమైన శ్రీకాకుళంలో తగువాడి, ఎండెక్కే వేళకి ఇంటికొచ్చేది. సాయంత్రం మళ్ళీ గ్రైండర్ల మోత. ఆ మోతకి నేను టీవీ గొంతు పెంచుకునేదాన్ని, లోలోపల తిట్టుకునేదాన్ని కూడా.

కుక్కని తెచ్చింది దేముడు. మూతబడ్డ పాత కేబిన్ మెట్ల కింద దొరికిన కూనని చేతిసంచీలో వేసుకొచ్చాడు. రైలు చివరి పెట్టెలో గార్డులా ఎప్పుడూ ఆయన వెనకే నడిచేది కనక గార్డు అని పేరు పెట్టాడు. అది ఆ ఇంట్లో ఆరేళ్ళు పెరిగింది.

మొన్న రథయాత్ర అయిన వారంలో, మధ్యాహ్నం భోంచేసి వరండాలో కుర్చీలో కూర్చున్న దేముడు కూర్చున్నట్టే పోయాడు. గుండె ఆగిందన్నారు. టెక్కలి నుంచీ ఆద్రా నుంచీ చుట్టాలు దిగారు. పదకొండు రోజులూ ఇల్లు కిటకిటలాడింది. వెనక సందులో ఎంగిలాకుల మీద వీధికుక్కలు కొట్టుకుంటూనే ఉన్నాయి. పిండాన్ని కాకి ముట్టకపోతే పోయినవాళ్ళకి ఏదో కోరిక మిగిలిపోయిందంటారు కదా, ఆ బాధ కూడా లేకుండా కాకులు గుంపుగా దిగి నిమిషంలో ఊడ్చేశాయి. పన్నెండో రోజుకి చుట్టాలంతా రైళ్ళెక్కేశారు. కూతురు మీనాకుమారి టాటానగర్ వచ్చేయమని బతిమాలింది. మాసికం కానీ వస్తానని నూకాలమ్మ పంపించేసి, ఆ సాయంత్రమే మళ్ళీ గ్రైండర్లు తిప్పింది.

ఆ మర్నాడు గోడ మీంచి నన్ను పిలిచింది.

"టీచరమ్మా, ఓపాలి ఇలా రా. గార్డు కూడు ముట్టడం నేదు."

వెళ్ళి చూశాను. సత్తుపళ్ళెంలో అన్నం, చేపల పులుసు. కుక్క ఆ పళ్ళేనికి రెండు బారల దూరంలో ముందుకాళ్ళు చాపి కూర్చుంది. పళ్ళేన్ని చూస్తుంది, ఖాళీ కుర్చీని చూస్తుంది. మొదట్నుంచీ బక్కప్రాణం, పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉంటాయి. పన్నెండు రోజులుగా ఏమీ తినలేదని నేనే తేల్చేశాను. నాకు ఏడుపు ఆగలేదు. కళ్ళు తుడుచుకుంటూ ఒక మాట అన్నాను.

"చూశావా అక్కా, దీనికి తెలిసిపోయింది. ఆయన వెంటే పోవాలని నిశ్చయించుకుంది. మనుషులమని పేరే గాని ఇంత ప్రేమ మనకెక్కడుందీ?"

నూకాలమ్మ నా వంకా కుక్క వంకా చూసి, లోపలికెళ్ళి పొయ్యి ఆర్పేసింది. ఆ పనికి నేనెందుకు ఉలిక్కిపడలేదో ఇప్పటికీ తెలీదు. ఆ హడావుడిలో ఫొటో తీసి, నాలుగు వాక్యాలు రాసి, మా పేట తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. వాక్యాలు బాగానే కుదిరాయి. అదే కదా కొంప ముంచింది.

మర్నాటినుంచి జనం. మలంచా నుంచి ఆటోల్లో వచ్చారు. బెంగాలీ దీదీలు "ఆహా రే" అని బుగ్గలు నొక్కుకున్నారు. మనవాళ్ళయితే మరీ ముందుకెళ్ళారు. కాకి ముట్టింది గాని కుక్క ముట్టలేదు కనక దేముడికి కోరిక ఏదో ఉండిపోయిందన్నారు. కాకి ముందు మాటిచ్చినట్టే కుక్కపళ్ళెం ముందు చేతులు కట్టుకుని మాటివ్వడం మొదలుపెట్టారు. మాసికం ఘనంగా చేయిస్తామన్నారొకరు. నూకాలమ్మని కన్నతల్లిలా చూసుకుంటామన్నారు ఇంకొకరు. ఎదురింటి గిరిబాబు లెంపలేసుకుని, "మాఁవా, నీ సైకిలు నానే అట్టుకెల్లినాను, రేపొద్దున్న తెచ్చి ఎట్టేస్తాను, తిను మాఁవా" అన్నాడు. అన్నట్టే తెచ్చి గోడకి ఆనించాడు. కుక్క సైకిల్ని కూడా చూసింది. తినలేదు.

పశువుల డాక్టరుకి చూపిద్దామని ఎవరో అంటే, మనసుకి మందుంటుందా అని నేనే అడ్డుపడ్డాను. వీధికుక్కలు దాని దీక్ష చెడగొట్టకుండా గేటుకి గొళ్ళెం పెట్టించింది కూడా నేనే.

అయిదో రోజు సాయంత్రం టీవీ చూస్తున్నాను. గొంతు మరీ ఎక్కువగా ఉందనిపించి తగ్గించాను. అప్పుడు తట్టింది. పక్కింట్లో గ్రైండరు మోత లేదు. నిన్న కూడా లేదు. మొన్న కూడా.

పరిగెత్తాను. వంటింట్లో పొయ్యి చల్లగా ఉంది. గిన్నెలో అన్నం పులిసి నురగలు కక్కుతోంది. నూకాలమ్మ గోడకి చేరబడి ఉంది. నన్ను చూసి లేవబోయి, లేవలేక మళ్ళీ కూలబడింది.

"అక్కా, ఎప్పుడు తిన్నావు?"

"నువ్వే అన్నావు గదేటి టీచరమ్మా, ఇంత ప్రేమ మనకెక్కడుందని. అది ఆరేళ్ళు తిన్నాది ఆయన కూడు. నాను యాభైరెండేళ్ళు తిన్నాను. అది మానీసినాది. దాని ముందర నాను ముద్ద నోట ఎట్టుకుంతంటే సిగ్గేసినాది."

 అయిదు రోజులుగా రోజుకి యాభైమంది ఆ గడప తొక్కారు, అందరం కుక్క తిండి గురించే మాట్లాడుకున్నాం. ఆమె తిందో లేదో ఎవరికీ పట్టలేదు. పట్టకపోవడానికి కారణం కూడా ఉంది. నూకాలమ్మ తింటుంటే చూసినవాళ్ళు లేరు. అందరూ తిన్నాక, వంటింట్లో నిలబడి, గిన్నెలో మిగిలింది గిన్నెలోనే కలుపుకుని రెండు నిమిషాల్లో కానిచ్చేస్తుంది. ఎప్పుడూ చూడని తిండి ఆగిపోతే ఎలా తెలుస్తుంది?

బతిమాలాను, తిట్టాను, కాళ్ళు పట్టుకున్నాను. మంచినీళ్ళు తప్ప ముట్టలేదు. "అది తింతే తింతాను" అంది. మీనాకుమారికి ఫోన్ చేస్తే దొరికిన రైలెక్కుతున్నానంది. ఇహ కుక్క మీద పడ్డాను. కోడికూర తెచ్చాను. గుడ్లు, రసగుల్లాలు తెచ్చాను. గార్డు నోట్లోంచి చొంగ తీగలా కారుతోంది, కాని అడుగు ముందుకి వెయ్యదు. చావాలనుకున్నదానికి చొంగెందుకు కారుతుందని అప్పుడు మొదటిసారి అనుమానం వచ్చింది.

అప్పుడే గేటు చప్పుడైంది. భుజాన సంచీతో విల్‌ఫ్రెడ్. దేముడికి నలభై ఏళ్ళ స్నేహితుడు, రిటైరైన రైలు డ్రైవరు. పదకొండో రోజు భోజనాలయ్యాక కొడుకు దగ్గరికి చక్రధర్‌పూర్ వెళ్ళి, ఇప్పుడే దిగాడు. నేను చెప్పిందంతా విన్నాడు. ఏడుస్తాడనుకున్నాను. అరుగు మీద కూర్చుని బూట్లు విప్పుకున్నాడు.

"టీచరుగారూ, నా ఇంజిను కింద ఎన్ని ఆవులు పడ్డాయో లెక్కనేదు. సావడానికే వచ్చి నిలబడ్డాదని అసిస్టెంట్లు అనేవోరు. దిగి సూస్తే ఒకదానికి గిట్ట పట్టాల మజ్జిన ఇరుక్కున్నాది. ఇంకోదానికి లైటు కళ్ళలో కొట్టి ఎటెల్లాలో తెల్లేదు. కథలన్నీ మనం అల్లుకున్నవే."

"అంటే జంతువులకి చావంటే తెలీదంటావా?"

"అలగని అనను. ఝాడ్‌గ్రామ్ పక్క ఓ ఏనుగు, సచ్చిన పిల్ల కాడ మూడు గంటలు నిలబడ్డాది. తొండంతో లేపి సూసినాది, దాని మీద ఆకులేసినాది. బండి ఆపుకుని నాను కూకున్నాను, హారన్ కొట్టడానికి సెయ్యి రానేదు. అది లెగదని దానికి తెలుసు. కాని ఆ ఏనుగు నాను కూడా ఇలాగే పోతాను, ఇయ్యాలే పోతాను అని అనుకోవాలంటే ఇంకా ఏదో తెలాల. అది మనకి పట్టిన రోగం."

అంటూ గార్డు వైపు చూశాడు. పళ్ళెం, దూరం, చాపిన కాళ్ళు. ఒక్కసారిగా మొహం మారిపోయింది.

"ఓలమ్మ! ఇది నిరాహారదీక్ష కాదు. ఇది సిగ్నలు కాడ ఆగిపోనాది. మీలో ఎవరేనా దీనికి లైన్ కిలీర్ ఇచ్చినారేటి?"

నాకర్థం కాలేదు. విడమరిచి చెప్పాడు. ముందు స్టేషను నుంచి లైన్ క్లియర్ రాకుండా ఈ స్టేషనులో బండి కదలకూడదు. కేబిన్‌లో బతికినవాడికి అంతకు మించిన మంత్రం లేదు. రిటైరయ్యాక దేముడికి ఆపడానికి బళ్ళు లేవు. కూనని ఆపాడు. పళ్ళెం పెట్టి, దూరంగా కూర్చోబెట్టి, తను టీ తాగడం అయ్యాక "లైన్ కిలీర్" అంటేనే అది పళ్ళెం ముట్టాలి. పొద్దుటిపూట నూకాలమ్మ ప్రేమ్ బజార్‌లో ఉండేది, సాయంత్రం గ్రైండరు మోతలో ఉండేది. ఆ మాట ఆమె చెవిన పడే వేళే లేదు.

"మరి ఆ పదకొండు రోజులూ?"

"ఎంగిలాకులు తిన్నాది. నా కళ్ళతో సూసినాను. ఈదిలో తిండికి సిగ్నలు నేదు. పళ్ళేనికే ఉన్నాది. గేటెవుడు మూసినాడు?"

నేను వెళ్ళి గేటు గొళ్ళెం తీశాను.

విల్‌ఫ్రెడ్ గొంతు సవరించుకుని "గార్డూ, లైన్ కిలీర్" అన్నాడు. కుక్క చెవులు నిక్కబొడుచుకుని లేచింది. పళ్ళెం అంచుదాకా వచ్చింది. ఇంట్లోకి చూసింది. మళ్ళీ వెనక్కెళ్ళి కూర్చుంది.

"నాను డ్రైవర్ని గదా," అన్నాడు విల్‌ఫ్రెడ్. "డ్రైవరు లైన్ కిలీర్ తీసుకుంతాడు గాని ఇవ్వడు. ఇంటోళ్ళే ఇవ్వాల. వదినా, ఓపాలి నువ్వు రా."

నేను పట్టుకుని నడిపించుకొచ్చాను. నూకాలమ్మ గుమ్మాన్ని పట్టుకుని నిలబడి, ఆ ఖాళీ కుర్చీని చూడకుండా, నీరసపు గొంతుతో ఆ రెండు మాటలూ అంది.

గార్డు తింది. కోడికూర, గుడ్లు, రసగుల్లాలు అన్నీ కలిపి తింది. పళ్ళేన్ని వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి నాకుతూ తోసుకుపోయింది. నేను ఏడుస్తూ నవ్వాను. గండం గడిచిందనుకున్నాను.

నూకాలమ్మ నవ్వలేదు. "అయితే దీనికి సావాలని నేదన్నమాట" అంది.

"నేదు వదినా. దుఃఖం ఉన్నాదేమో, నాను కాదనను. కాని అది మాట కోసం సూసినాది, అంతే."

"రోజూ సెప్పేవోడా ఆ మాట?"

"రోజూ. రెండు పూటలా."

ఆమె అప్పుడు కుర్చీ వైపు తిరిగింది. యాభైరెండేళ్ళ కాపురం చేసిన మనిషి వంక చూసినట్టే చూసింది. మొహంలోకి రక్తం పొంగింది. పడిపోతుందేమోనని నేను పట్టుకోబోతే నా చెయ్యి తోసేసింది.

"కుక్కకి రెండు పూటలా సెప్పినాడు. నాకు? ఓనాడేనా తిన్నావేటే అన్నాడా? పురిట్లో అన్నాడా, జొరంలో అన్నాడా? ఆయన సెప్పినాడనేటి ఇన్నాళ్ళూ తిన్నాను? నాకు ఆకలేసినాది, నాను తిన్నాను. నాను రుబ్బిన పిండి, నాను ఒండిన కూడు. ఇప్పుడాయన ఎల్లిపోనాడని మానీడానికి నాకేటి?"

ఏడ్చింది. పదకొండు రోజుల కర్మలో ఏడవని ఏడుపంతా అప్పుడు ఏడ్చింది. విల్‌ఫ్రెడ్ తల తిప్పుకుని బూట్ల వంక చూశాడు. ఆ తరవాత ఆమె వరండా మధ్యలో, ఆ కుర్చీకి ఎదురుగా, బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"టీచరమ్మా, మీ ఇంట్లో ఏటున్నాదే?"

అయిదు రోజుల ఖాళీ కడుపని గంజి కాచి, ఉప్పేసి, పల్చగా అన్నం కలిపి కంచంలో తెచ్చాను. ముప్పై ఏళ్ళ ఇరుగుపొరుగులో నూకాలమ్మ కంచం ముందు కూర్చోవడం చూడ్డం నాకదే మొదలు. మొదటి ముద్ద గబుక్కున మింగితే పొలమారింది. కంగారుపడి, "నెమ్మదిగా తిను అక్కా" అన్నాను.

"నువ్వు సెప్పకు" అంది నూకాలమ్మ, రెండో ముద్ద కలుపుకుంటూ.