ఇస్త్రీ చేసిన కట్టు

మా ఇంట్లో ముడతకు చోటు లేదు. రాంగోపాల్‌పేట్ గల్లీలో, మెట్ల కింద మా ఇస్త్రీ బల్ల. మా ఆయన పెట్టె తిప్పాడంటే చొక్కా చేతి మడత కత్తిలా నిలబడాలి. ఆ పేరు విని, దూరమైనా బొల్లారం నుంచి కూడా యూనిఫారాలు వచ్చేవి. దిండు గలీబులు, చేతిరుమాళ్లు సరే, ఆఖరికి మసిగుడ్డను కూడా వదిలేవాడు కాదు. "మసిగుడ్డకు గీ సోకేందయ్యా?" అని అడిగితే, "చూసెటోళ్లు ఏమనుకుంటరే!" అనేవాడు. మా మసిగుడ్డను చూడటానికి ఎవరొస్తారో నాకు ఇప్పటికీ తెలియదు.

అన్నేళ్లు పొద్దస్తమానం నిలబడ్డ పాపానికి ఆయన కాలి నరాలు ఉబ్బాయి. చీలమండ పక్కన చిన్న పుండు లేచింది. పసుపు పెట్టాడు, ఎవరో చెప్పిన ఆకు పసరు పోశాడు, రోజూ కొత్త గాజుగుడ్డ, ఆయింట్‌మెంటు. పుండు మాత్రం తిష్ఠ వేసిన చుట్టంలా కదలనంది. కాలు వాచి చెప్పు కూడా పట్టేది కాదు. ఆయన నిలబడలేకపోతే బల్ల ఎత్తేయాల్సిందే. ఆ మాట ఇద్దరం పైకి అనలేదు గానీ నాకు లోపల గుబులుగానే ఉండేది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పాదంలో నాడి చూసి సాగే కట్టు రాసింది. వేళ్ల దగ్గర నుంచి మోకాలి కిందిదాకా బిగించి చుట్టాలట. కింద నిలిచిపోయిన రక్తాన్ని ఆ బిగువే పైకి నెడుతుందట, పుండు అప్పుడే మానుతుందట. ధర విని మా ఆయన, "గంత పైసలా? గా పైసలకు ప్యాంటు బట్టొస్తది!" అన్నాడు.

"ప్యాంటు బట్ట చుట్టుకుంటే పుండు మానదు అంకుల్," అంది నర్సు. "దీన్ని ఉతికి మళ్లా కట్టుకోవచ్చు. రోజూ కొనే గాజుగుడ్డ లెక్క చూస్కోండి, ఏది ఎక్కువైతదో."

చూసుకున్నాను. దిమ్మ తిరిగింది. చవక, చవక అనుకుంటూ నెలల తరబడి కొన్న సామానుకే ఎక్కువ పోశాం. నోరు మూసుకుని రెండు కట్లు కొన్నాం, ఒకటి ఉతికితే ఒకటి కాలికి.

మొదట్లో వాపు కాస్త దిగింది. తర్వాత మళ్లీ మొదటికొచ్చింది. పొద్దున చుట్టిన కట్టు మధ్యాహ్నానికి జారి చీలమండ మీద కుప్ప పడేది. "కట్టు మాలే ఖరాబున్నది," అని మా ఆయన తీర్పు. ఆయన్ని వెంటబెట్టుకుని, కట్టు సంచిలో వేసుకుని, కొట్లాటకే ఆసుపత్రికి వెళ్లాను.

నర్సు కట్టును లాగింది. సాగింది, సాగినట్టే ఉండిపోయింది. తిప్పి తిప్పి చూసింది. "ఏం చేసిండ్రు దీన్ని?"

మా ఆయన ఛాతీ విరుచుకున్నాడు. "ఉతికినప్పుడల్లా ఇస్త్రీ చేసిన. మంచి వేడి మీద. ఒక్క ముడత చూపియ్ సిస్టర్!"

నాకు నోరు ఆగలేదు. "నీ ఇస్త్రీ పాడుగాను! కొన్నదే సాగుడు కోసం, దాన్నే కాల్చి పెట్టినవా?" మసిగుడ్డనే వదలని మనిషి కాలికట్టును వదులుతాడా! వేడికి అందులోని సాగే దారం చచ్చిపోతుందనీ, ఉతికి నీడన ఆరేస్తే చాలనీ నర్సు ఓపిగ్గా చెప్పింది.

కట్లు మళ్లీ కొన్నాం, పాతవాటికి పోసిన డబ్బు శుద్ధ దండగ. ఈసారి ఉతకడం, ఆరేయడం నా పని. ఆరిన కట్టును బియ్యం డబ్బాలో దాచేదాన్ని. బల్ల దగ్గరా నేనే నిలబడ్డాను. ఆయన కాలు ఎత్తు మీద పెట్టుకుని కూర్చుని, "కాలర్ గిట్లనా చేసేది?" అని నన్ను కాల్చుకు తినేవాడు. గల్లీలో ఎవరైనా వస్తే చాలు, ముడతల కట్టు కనబడకుండా ప్యాంటు కిందికి లాక్కునేవాడు.

కొన్ని వారాలకు ఆసుపత్రిలో నర్సు కట్టు విప్పింది. నేను పుండు వంకే చూస్తున్నాను. అంచుల్లో లేత చర్మం కమ్ముకొస్తోంది. నర్సు మాత్రం పిక్క చూసి నవ్వింది. ఇన్నాళ్లూ వాచి, బిగుసుకుని మెరిసిన చోట చర్మం సన్నగా ముడతలు పడింది.

"ముడతలొచ్చినయి అంకుల్! వాపు దిగింది. ఇగ పుండు మానుతది, నిలబడతరు."

మా ఆయన వంగి, అరచెయ్యి ఆ ముడతల మీద పెట్టాడు. బల్ల మీద బట్టను సాపు చేసే చెయ్యి అది. చటుక్కున పట్టుకున్నాను. "ఏయ్! ముట్టుకున్నవంటే చూడు!"

"ఏం చేస్తలేనే," అన్నాడు. కళ్లనిండా నీళ్లు. "ఉండనీ. మస్తుగున్నయి."