బండిని ముట్టుకోకముందు అజీజ్ అడిగేవి

“పాప లేస్తలేదు చాచా. బండెక్కిన పావుగంటకే పండుకుంటది. కోహీర్‌ల దించినంక గూడ అరగంట దాక లేవది. నా బండే నా బిడ్డకు విషం పెడుతున్నదేమోనని భయమైతున్నది.”

ఆ ఒక్క మాట అనడానికి నాలుగు రోజులుగా ధైర్యం కూడగట్టుకున్న రుచిత, అనేశాక గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె చంకలో ఉన్న తొమ్మిది నెలల పూజిత మాత్రం మహా హుషారుగా ఉంది. షెడ్డులో మేకులకు వేలాడుతున్న ఫ్యాన్ బెల్టులను ఎలాగైనా నోట్లో పెట్టుకోవాలని ముందుకు వంగుతోంది. ఎదురుగా ఇనుప స్టూలు మీద కూర్చున్న అజీజ్ సాసర్లో పోసుకున్న చాయ్ ఊదడం ఆపాడు. పాపను చూశాడు, రుచితను చూశాడు. గుమ్మం ముందే నిలిపి ఉన్న బండి వైపు మాత్రం చూడలేదు.

“దవాఖానకు తీస్కపోయినవా బిడ్డా?”

“రెండుసార్లు. అంత మంచిగనే ఉన్నదన్నరు. బండిల పిల్లలు పండుకోరా అమ్మా అని నవ్విన్రు.”

“మరి నీకేమైతది?”

“తలనొప్పి.”

“పోయేటప్పుడా, వచ్చేటప్పుడా?”

ఈ ప్రశ్న ఆమెను ఇంతవరకు ఎవరూ అడగలేదు. డాక్టరు అడగలేదు, భర్త సృజన్ అడగలేదు, ఆమె కూడా తనను తాను ప్రశ్నించుకోలేదు. ఆలోచిస్తే ఆశ్చర్యం వేసింది. “పొద్దుగాల పోయేటప్పుడే,” అంది మెల్లగా. “సాయంత్రం ఏం ఉండది. పాప గూడ వచ్చేటప్పుడు పండుకోదు, ఒర్లుకుంటనే వస్తది.”

“ఆఁ,” అని అజీజ్ మిగిలిన చాయ్ తాగేశాడు.

రుచిత కోహీర్‌లో జూనియర్ కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతుంది. ప్రసవం సెలవులు అయిపోయాక పాపను రోజూ వెంట తీసుకెళ్లి, కాలేజీ పక్క వీధిలో ఉండే చిన్నమ్మ అనంతమ్మ దగ్గర వదిలి క్లాసులకు వెళ్తోంది. పాపను, పాప సంచిని, పరీక్ష పేపర్లను మోసుకుంటూ రెండు బస్సులు మారలేక, బీదర్‌లో ఒక హోమియో డాక్టరు అమ్ముతున్న చిన్న కారు కొనుక్కుంది. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. మామిడిపండు రంగు, రెండే తలుపులు. వెనక సీటు పక్కన కిటికీలు లేవు. వాటికి బదులు డిక్కీ మీదున్న పెద్ద అద్దం కిటికీ రెక్కలా పైకి లేస్తుంది. ఆ అద్దాన్ని చూసే ఆమె బండిని ఇష్టపడింది.

పాప మగతగా ఉంటోందని అనుమానం వచ్చిన రోజు నుంచి ఆమె బండి తీయలేదు. కాలేజీకి సెలవు పెట్టింది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు ఉండదు, వాసన ఉండదు, మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది. చదువుకున్న చదువు భయాన్ని తగ్గించలేదు, ఆ భయానికి ఒక పేరు ఇచ్చింది. ఆ వాయువును కొలిచే మీటరు ఆన్‌లైన్‌లో తెప్పిస్తే బుధవారానికి గానీ రాదన్నారు. సృజన్ ఆ ఉదయం బండిని అజీజ్ షెడ్డు దగ్గర వదిలి ఫ్యాక్టరీ డ్యూటీకి పోతూ, “ఇయ్యాల శనివారం. సోమవారం లోపల సంగతి తేలకపోతే అమ్మేద్దాం. నువ్వు ఒక ఏడాది ఇంట్లనే ఉండు,” అన్నాడు. కోపంగా అనలేదు. అతనికీ భయంగానే ఉంది. పాపతో ఆటోలో వస్తూ రుచిత దారి పొడుగునా ఆ ఏడాది గురించే ఆలోచించింది. కాలేజీ వాళ్లు ఏడాది ఆగరు.

జహీరాబాద్ నుంచి చిరాగ్‌పల్లి వైపు పోయే రోడ్డు మీద, ఊరు అయిపోతుందనగా ఉంటుంది అజీజ్ షెడ్డు. వెనకే ఇల్లు. అరవై మూడేళ్ల మనిషి. ఎవరికీ అక్కర్లేని చిన్న బండ్లన్నీ ఆయన దగ్గరికే వస్తాయి: కంపెనీ మూతపడ్డవి, పార్టులు దొరకనివి, కొన్నవాళ్లే ఎందుకు కొన్నామో చెప్పలేనివి. మిక్సీ బుష్‌తో గేరు రాడ్డు సరిచేసిన చరిత్ర ఆయనది. ఆటో క్లచ్చు వైరు, సైకిలు ట్యూబు ముక్క, కుట్టుమిషను స్ప్రింగు, ఏదీ పారేయడు. అయితే చేతిలోకి పానా తీసుకునే ముందు అరగంట ప్రశ్నలు అడుగుతాడు. కొందరికి ఓపిక నశించి వేరే మెకానిక్ దగ్గరికి పోతారు, వారం తర్వాత తిరిగి వస్తారు.

ఆ రోజు కూడా రుచిత కళ్ల ముందే ఫోను రెండుసార్లు మోగింది. మొదటిది జగదీశ్ అనే బట్టల వ్యాపారి. ఎడమకు తిప్పితే చాలు, హారన్ మోగుతోందట. “కుడికి తిప్పితే? మోగదా? మరి స్టీరింగుకు కొత్త తొడుగు ఏసినవా అన్నా? గదే! కుట్టు గట్టిగ గుంజి బటన్ మీద కూసున్నది. ఇప్పు,” అని పెట్టేశాడు. రెండోది న్యాల్‌కల్ నుంచి రాజేశ్వర్ అనే రైతు. ఆయనకు రెండు సీట్ల కరెంటు బండి ఉంది. ఎలుకలు వైర్లు కొరికేస్తున్నాయి, ఏం మందు పెట్టాలని అడుగుతున్నాడు.

“డిక్కీల ఏమున్నదే?”

అవతల ఏదో గొణుగుడు.

“శనగల మూట బండిల పెట్టి ఎలుకలు ఎందుకొస్తున్నయంటే నేనేం చెప్పాలె? ముందుగాల మూట దించు. దించినంక గూడ వస్తే అప్పుడు మాట్లాడుదం.”

లోపలి నుంచి అజీజ్ భార్య నఫీసా పాలగ్లాసు పట్టుకుని వచ్చింది. “ముప్పై ఏండ్ల సంది ఇంట్ల ఫ్యాన్ చప్పుడు ఎందుకు చేస్తదని నేను అడుగుతున్న. దానికి టైం లేదు ఈయనకు. న్యాల్‌కల్ ఎలుకలకైతే మస్తు టైం ఉన్నది,” అంటూ పూజితను రుచిత చంకలోంచి లాక్కుంది. పాప కొత్త చంక అని కూడా చూడకుండా ఆమె ముక్కు పట్టుకుంది.

అజీజ్‌కు ఈ ప్రశ్నల అలవాటు ఎలా వచ్చిందో నఫీసాయే చెప్పింది. ముప్పై ఏళ్ల కిందట ఆయన ఒక వర్క్‌షాపులో లేత్ మిషను మీద పనిచేసేవాడు. కార్లతో సంబంధమే లేదు. ఒక మధ్యాహ్నం చిరాగ్‌పల్లి దగ్గర సోలాపూర్ నుంచి హైదరాబాదు పెళ్లికి పోతున్న మరాఠీ భార్యాభర్తలు చిన్న కారుతో ఇరుక్కుపోయారు. ఇరవై నిమిషాలు నడిచి ఆగిపోతుంది, పది నిమిషాలు ఆగితే మళ్లీ నడుస్తుంది. ముగ్గురు మెకానిక్కులు ముగ్గురూ కార్బురేటరే కడిగి చేతులెత్తేశారు. అటుగా సైకిలు మీద పోతున్న అజీజ్‌కు ఆ బండి ఏమిటో కూడా తెలియదు. తెలియదు కాబట్టి అడగడం మొదలుపెట్టాడు. ఎప్పటి నుంచి? మొన్నటి నుంచి. మొన్న ఏం చేశారు? ఏమీ చేయలేదు. ఏమీ చేయలేదా? పెళ్లికి పోతున్నామని రంగు వేయించాం, అంతే. ట్యాంకు మూత మీద కూడా కొత్త రంగు మెరుస్తోంది. మూతకు గాలి పోవడానికి ఉండాల్సిన సన్నటి రంధ్రం పూడిపోయింది. లోపల గాలి లేక పెట్రోలు దిగడం లేదు. అజీజ్ ఆ ఇల్లాలి దగ్గర పిన్నీసు అడిగి తీసుకుని రంధ్రం పొడిచాడు. బండి పెళ్లికి చేరింది. ఆ తర్వాత వాళ్లు చెప్పిన వాళ్లు, వాళ్లు చెప్పిన వాళ్లు వెతుక్కుంటూ వచ్చారు.

“ఎప్పటి సంది బిడ్డా గీ తలనొప్పి?” అజీజ్ మళ్లీ రుచిత వైపు తిరిగాడు.

“మూడు వారాలు.”

“మూడు వారాల కింద ఏం మార్చినవ్?”

“ఏం మార్చలే చాచా.”

అజీజ్ నేల మీది నట్లు ఏరి డబ్బాలో వేస్తూ కూర్చున్నాడు. రుచితే ఒక్కొక్కటి గుర్తు తెచ్చుకుంటూ చెప్పసాగింది. మొదట కొత్త సీటు కవర్లు వేయించింది, ప్లాస్టిక్ వాసన పాపకు పడదని మళ్లీ పీకేయించింది. సెంటు సీసా తీసేసింది. వెనక సీటులో పాప కోసం చిన్న సీటు బిగించింది, దాని మీద దోమతెర కట్టింది. పెట్రోలు వేరే బంకులో కొట్టిస్తోంది. పాపకు జలుబు చేసిందని, ఎదురుగాలి చెవుల్లో పోతుందని ముందు అద్దాలు పూర్తిగా మూసేస్తోంది. మరి లోపల గాలి ఆడాలి కదా, అందుకని పొద్దున పూట వెనక పెద్ద అద్దం తెరిచిపెడుతోంది.

“సాయంత్రం?”

“సాయంత్రం రోడ్డు పని దుమ్ము లేస్తదని అన్నీ మూసేస్త.”

అజీజ్ వేళ్లు మడిచి చూపించాడు. “ఏం మార్చలే అంటివి. ఏడు మార్చినవ్.”

“అవి మార్పులు ఎట్లయితయి చాచా? పాప కోసం తీస్కున్న జాగ్రత్తలు!”

“బండికి గా ఫరక్ తెల్వదు గద.”

అప్పుడు లేచాడు ఆయన. ఇంజను ఆన్ చేయించి, పొగగొట్టానికి మడిచిన తడిగుడ్డ అడ్డం పెట్టి నొక్కి పట్టాడు. ఎక్కడా బుస్సుమన్న చప్పుడు రాలేదు. ఇంజను నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయింది. “లీకు ఉంటే అక్కడి నుంచి గాలి పోయి ఇంజను నడిచేది. లేదు. నీ బండి సాఫ్‌గ ఉన్నది,” అన్నాడు. రుచితకు ఊరట కలగాల్సింది పోయి దిగులు పెరిగింది. బండి బాగుంటే మరి పాపకు ఏమైనట్టు?

అజీజ్ ఇంట్లోకి పోయి మూడు ఊదుబత్తులు తెచ్చాడు. వాటిని పాప సీటు బెల్టుకు గుచ్చి, వెలిగించి, మోకాళ్లు గడ్డానికి తగిలేలా పక్కనే ముడుచుకుని కూర్చున్నాడు. నఫీసా చూసి, “జర భద్రం. ఇరుక్కున్నవంటే పానా ఏసి ఇప్పాలె నిన్ను,” అంది. పూజితను ఆమె దగ్గరే వదిలి రుచిత బండి తీసింది.

చిరాగ్‌పల్లి వైపు నాలుగు కిలోమీటర్లు అద్దాలన్నీ మూసి నడిపింది. వెనక చూపే చిన్న అద్దంలో చూస్తే పొగ దారంలా నిటారుగా లేస్తోంది. “ఇప్పుడు రోజు పొద్దుగాల ఎట్ల పోతవో గట్ల చెయ్యి,” అన్నాడు అజీజ్. రోడ్డు పక్కకు ఆపి ఆమె వెనక అద్దం ఎత్తింది. పొగ ఇక ఆ తెరిచిన చోటు నుంచి బయటికి పోతుందనుకుంటూ, ముందు అద్దాలు మూసి ఉంచి వేగం పెంచింది.

పొగ బయటికి పోలేదు. వెనక నుంచి ఎవరో ఊదినట్టు ముందుకు వంగింది. పాప కూర్చునే చోటు మీదుగా పారి, డ్రైవరు సీటును దాటి రుచిత మొహానికే తగిలింది. దాని వెంట ఇంకో వాసన, పొగగొట్టం వాసన, సన్నగా.

“ఆపు బిడ్డా, ఆపు!” అజీజ్ దగ్గుతూ అన్నాడు.

రుచిత బండి ఆపి స్టీరింగు మీద తల పెట్టుకుంది. పోతున్న బస్సు వెనక ఎండుటాకులు ఎందుకు పరుగెత్తుతాయని ఏటా కాలేజీ తెరిచిన తొలి నెలలోనే క్లాసులో పిల్లల్ని అడుగుతుంది. పరుగెత్తే బండి వెనక గాలి పలచబడుతుంది, చుట్టుపక్కల గాలి ఆ ఖాళీలోకి దూసుకొస్తుంది. సరిగ్గా ఆ ఖాళీలోనే తన బండి పొగ వదులుతోంది, సరిగ్గా అక్కడే తను అద్దం తెరిచింది. ముందు మూసి, వెనక తెరిచి, మంచి గాలి అనుకుంటూ పాపకు రోజూ అరగంట పొగ పట్టించింది.

“నేను ఫిజిక్స్ చెప్త చాచా,” అంది.

“చెప్తె ఏమైంది? చెప్పుడు వేరు, బిడ్డ ఎనక సీట్ల ఉన్నప్పుడు తోలుడు వేరు. నాకు ముగ్గురు పిల్లలు. పెద్దోనికి జరమొస్తే నేను థర్మామీటరు తలకిందులు పట్టి చూసిన.”

సోమవారం పొద్దున వెనక అద్దం మూసి, ముందు అద్దాలు రెండు వేళ్ల మందం దించి రుచిత కోహీర్‌కు బయలుదేరింది. పావుగంటకు పూజిత నిద్రపోయింది. రుచిత మూడుసార్లు బండి ఆపి, వెనక్కి తిరిగి, పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. చిన్నమ్మ ఇంటి ముందు బెల్టు విప్పగానే పాప కళ్లు తెరిచి, అనంతమ్మను చూసి, ఒక్క కేక పెట్టి చేతులు చాచింది. రుచితకు తలనొప్పి లేదు. రెండో పీరియడ్ అయిపోయేదాకా ఆ సంగతి గుర్తుకే రాలేదు.

బుధవారం మీటరు వచ్చింది. అద్దం మూసి నడిపితే సున్నా చూపింది. పాపను ఇంట్లో వదిలి, సృజన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, వెనక అద్దం తెరిచి నడిపితే అంకెలు ఎక్కసాగాయి, కాసేపటికి కీచుమని అరిచింది. సృజన్ మీటరును, భార్యను మార్చి మార్చి చూశాడు. “అమ్మొద్దులే,” అన్నాడు.

మీటరు చూపించడానికి వెళ్తే అజీజ్ దాన్ని అటూ ఇటూ తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని, తన బీడీ పొగ ఊది అరిపించి చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. అప్పుడు రుచిత, ఇంకా మార్చాల్సినవన్నీ రాసుకొచ్చిన లిస్టు బయటికి తీసింది. పొగగొట్టాన్ని పక్కకు వంచి పొడిగించాలి. వెనక అద్దం రబ్బరు మార్చాలి. పాప సీటు ఇటు నుంచి అటు జరపాలి. దోమతెర తీసేయాలి. పాత బంకుకే పోవాలి.

అజీజ్ కాగితం చదవలేదు. మడిచి ఆమె చేతిలోనే పెట్టాడు.

“అన్నీ మంచియే బిడ్డా. అన్నీ చేద్దం. కని ఒక్క దినం ఒక్కటే మార్చు. మార్చినంక ఓ వారం ఊకె చూడు. భయమైనప్పుడు మనిషి పది చేతులతోని పది మారుస్తడు. మంచిగైతే ఏది మంచి చేసిందో తెల్వది, ఖరాబైతే ఏది ఖరాబు చేసిందో తెల్వది. బండికైనా గంతే, బిడ్డకైనా గంతే.”

ఆ వారం పొగగొట్టం ఒక్కటే పొడిగించారు. పూజితకు ఈ వారం రాగిజావ మొదలైంది. పెసరకట్టు పెట్టమని అత్తగారు, అరటిపండు పెట్టమని అనంతమ్మ, రెండూ పెట్టమని పక్కింటి మమత రోజూ చెబుతున్నారు. రుచిత అందరికీ సరేనంటోంది. వచ్చే సోమవారం దాకా జావ ఒక్కటే పెడుతోంది, కూర్చుని చూస్తోంది.