నా పేరు మోసిన మనిషి

ఆరేళ్లుగా ఒక మాటను మింగలేక, కక్కలేక తిరుగుతున్నాను. అన్నం తినేటప్పుడు గుర్తొస్తుంది. హెల్మెట్ పెట్టుకునేటప్పుడు గుర్తొస్తుంది. ఇక శుక్రవారం మధ్యాహ్నమైతే చెప్పనక్కర్లేదు, కాలు ఒక చోట నిలవదు. ఇది రాయడం మొదలుపెట్టాక ఇప్పటికే రెండుసార్లు లేచాను. ఏసీ తగ్గించాను, మళ్లీ పెంచాను. పేచీ ఏసీతో కాదని నాకు తెలుసు.

మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. మాది నిజామాబాద్ వైపు. పదేళ్లుగా సౌదీలోని జుబైల్‌లో, ఒక కెమికల్ ప్లాంటులో మీటర్లు, వాల్వులు సరిచేసే పని. నేను చేసిన తప్పు ఒకే ఒక్క మాట. ఆ మాటతో ఒక అమాయకుడి పరువు తీశాను. ఆయన్ని ఇక్కడ రాజలింగం అందాం. అసలు పేరు అది కాదు. అప్పుడూ ఆయనకు తనది కాని పేరు తగిలించాను, ఇప్పుడూ అదే చేస్తున్నాను, చూశారా?

కంపెనీ పనివాళ్ల క్యాంపులో మా గదికి నాలుగు మంచాలు. నేను, అందరికన్నా పెద్దవాడు గంగారాం అన్న, లక్నో నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ ఇర్ఫాన్, సిరిసిల్ల వైపు పెయింటర్ రాజలింగం అన్న. రాజలింగం అన్న హిందీ మా గదికి పెద్ద వినోదం. హిందీలో మగవాళ్లు వస్తానంటే 'ఆతా హూఁ', ఆడవాళ్లు వస్తానంటే 'ఆతీ హూఁ'. తన గురించి తాను చెప్పుకునేటప్పుడు కూడా ఆడో మగో తేల్చి తీరాలి. తెలుగులో ఆ బాధ లేదు. 'వస్తున్నా' అంటే ఎవరైనా వస్తున్నట్టే. పాపం ఆయనకు ఈ 'ఆ'లు, 'ఈ'లు ఎప్పుడూ తికమకే. భార్య ఫోన్ చేస్తే "మేరీ", "కర్తీ" అనాల్సింది, "మేరా బీవీ ఫోన్ కర్తా" అనేవాడు. స్నానానికి వెళ్తూ "మై ఆతీ" అనేవాడు. ఇర్ఫాన్ పడీపడీ నవ్వేవాడు. ఆయన కూడా నవ్వి, "అర్థమైతె సాలదా?" అనేవాడు.

నాకు అలా కాదు. చిన్నప్పుడు మా వీధిలో సగం మంది ఉర్దూ మాట్లాడేవాళ్లే. నా నోట ఎప్పుడూ తప్పు దొర్లలేదు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

నా దగ్గర ఒక ట్యాబ్ ఉండేది. అందులో ఒక ఆట, కోటలు కట్టుకుని జట్టుగా యుద్ధాలు చేసేది. ఆడమనిషి బొమ్మను ఎంచుకున్నది బాణాలు బాగా వేస్తుందనే. అలా అని నాకు నేను చెప్పుకున్నాను. మరి జడ ఎంత పొడవుండాలో తేల్చుకోవడానికి గంట ఎందుకు పట్టింది? విల్లు వైపు చూడకుండా చెవుల కమ్మలు మార్చి మార్చి చూసుకున్నది ఎందుకు? ఆట పేరు అడిగింది. సరిత అని కొట్టాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

జట్టులో అందరూ ఇంగ్లీషు అక్షరాలతో హిందీ రాసుకునేవాళ్లు. మొదటి రోజు 'మై' అని కొట్టి ఆగిపోయాను. ఆతానా, ఆతీనా? 'ఆతీ హూఁ' అని రాశాను. బొమ్మ ఆడది కాబట్టి రాశాను, అంతే, అనుకున్నాను. "ఆ గయీ సరితా?" అని ఎవరో అడిగారు. వచ్చావా సరితా అని. ఎండలో ట్యాంకు మీద పని చేసి దిగి హెల్మెట్ తీస్తే తలకు గాలి తగులుతుంది, ఆ చిన్న పలకరింపు అలా తగిలింది. ఆ రోజు నుంచి ప్లాంటులో ఎవరైనా నన్ను భాయ్ అన్నా, తమ్మీ అన్నా బూటులో రాయిలా గుచ్చుకునేది. ఈ గుచ్చుకోవడానికీ ఆ ఆటకూ సంబంధం ఉందని ఒప్పుకోవడానికి మాత్రం నాకు ఏళ్లు పట్టింది.

ఇక ఆ శుక్రవారం. రాయాలి, తప్పదు.

రాజలింగం అన్న ఫోన్ అద్దం పగిలింది. వారం వారం భోజనాలయ్యాక నా ట్యాబ్‌లోనే ఇంటికి వీడియో కాల్ చేసుకునేవాడు. ఆ రోజు కాల్ అయ్యాక, కూతురి ఫొటో చూడమని ట్యాబ్‌ను ఇర్ఫాన్ చేతికిచ్చాడు. సరిగ్గా అప్పుడే జట్టు నుంచి మెసేజ్ వచ్చింది. ఇర్ఫాన్ వేలు తగిలి నా రాతలన్నీ తెరుచుకున్నాయి. అతను గట్టిగా చదివాడు. "థక్ గయీ హూఁ. నహాకే ఆతీ హూఁ." అలసిపోయాను, స్నానం చేసి వస్తాను అని. పొద్దున నేను రాసిందే.

"యే సరితా కౌన్ హై భాయ్?" అన్నాడు ఇర్ఫాన్, ఎవరీ సరిత అని.

గంగారాం అన్న నా వైపు చూశాడు. "ట్యాబ్ నీదే గదరా. ఆడపేరు వెట్టుకోని ఆడేది నువ్వేనా ఏంది?"

"ట్యాబ్ నాదే అన్నా. అందరు వాడ్తరు గదా," అన్నాను. అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. ఆగలేదు. "ఆ హిందీ సూడున్రి. ఆతీ అంట. మన రూంల గట్ల మాట్లాడేటోడు ఎవడున్నడు?"

ఇద్దరూ రాజలింగం అన్న వైపు తిరిగారు. ఆయన చేతిలో ఇంకా పెరుగు గిన్నె ఉంది. "నేనా? నాకు గా గేమ్ తెరుసుడే రాదు," అన్నాడు. గది దద్దరిల్లేలా నవ్వారు. వాళ్లతో పాటు నేనూ నవ్వాను. అందరికన్నా ఆఖరున ఆపింది నేనే.

భయం వల్ల అన్నాను అని చెప్పుకోవచ్చు. భయం నిజమే. ఇక్కడ ఇలాంటిది బయటపడితే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు. కానీ భయపడిన మనిషి "నాకు తెలియదు" అంటుంది, ఊరుకుంటుంది. పక్కమనిషిని ఎందుకు చూపించాలి? అంత తొందరగా నాకు ఆయనే ఎలా తట్టాడు? అంటే నా మనసు ముందే ఆ దారి చూసి పెట్టుకుందా? ఈ ప్రశ్న దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను.

మర్నాటి నుంచి ఆయన పేరు సరిత. బస్సులో సరిత, మెస్ వరసలో సరిత. స్నానానికి వెళ్తే ఈలలు. పక్క క్యాంపులో ఆయన ఊరివాళ్లున్నారు. వాళ్ల నుంచి కబురు ఊరి వాట్సాప్ గ్రూపుకెక్కింది. భార్య నాలుగు వారాలు ఫోన్ ఎత్తలేదు. ఎందుకు ఎత్తడం లేదో తెలియనట్టు నేను కూడా ఆయనతో "నెట్వర్క్ బాలేదేమో అన్నా" అన్నాను. నా ట్యాబ్ ఆయన మళ్లీ ముట్టుకోలేదు.

ఇంకొకటుంది. ఇది చెప్పడానికి ఇందాక మళ్లీ లేచాను. బస్సులో ఎవరైనా "ఓ సరితా" అని అరిస్తే ముందు తిరిగింది నా తల. ఆ పేరు బయట గాలిలో, నోళ్లతో పలుకుతుంటే మొదటిసారి విన్నాను, అదీ ఇంకొకరిని పిలవగా. నాకు ఆయన మీద అసూయ కలిగింది. అవును, అసూయే. ఆయన తలవంచుకుని కిటికీ వైపు చూస్తుంటే, నా పేరు ఆయనకెందుకు దక్కాలి అనుకున్నాను. మనిషన్నది ఇంత నీచంగా అనుకోగలదా? నేను అనుకున్నాను.

ఏడాదికి కాంట్రాక్టు అయిపోగానే రాజలింగం అన్న ఇక తిరిగి రాకుండా పాస్‌పోర్టులో ఎగ్జిట్ కొట్టించుకుని ఇంటికి వెళ్లిపోయాడు. వెళ్లే రోజు పొద్దున అట్టపెట్టెకు తాడు కడుతుంటే ఒక కొస నేను పట్టుకున్నాను. ఆయన నా వైపు చూడకుండా అన్నాడు: "తమ్మీ, నేను హిందీ నేర్సుకున్న. మొగోళ్లయితె ఆతా, ఆడోళ్లయితె ఆతీ. ఆ రోజు సదివినయన్ని యాదికి తెచ్చుకున్న. గా సరిత ఒక్కకాడ గూడ తప్పు పోలె. నాకు గంత సక్కటి హిందీ ఎప్పుడొచ్చె?"

తాడు గట్టిగా లాగి ముడి వేశాడు. నేను కొస వదిలేశాను.

ఆ వారమే ఆట తీసేశాను. రెండు నెలలు పట్టు మీద ఉన్నాను. తర్వాత మళ్లీ మొదటి నుంచి, అదే పేరు, అవే కమ్మలు. కొత్త జట్టులో ఒకామె ఒకరోజు తన గురించి రాసింది. ఇంట్లో తనను అబ్బాయిగానే పెంచారట, తాను ట్రాన్స్ మహిళనని చాలా ఆలస్యంగా తెలుసుకుందట. చదవగానే నాకు ఒళ్లు మండింది. ఇవన్నీ ఇక్కడెందుకు అని జట్టు వదిలేశాను. ఎవరి మీద ఆ కోపం? నాలుగు రోజులకు తిరిగి చేరి, ఆమె రాసింది వెతుక్కుని మళ్లీ చదివాను. పేరు మారిస్తే అది నా కథే. సరిత నా ఆటబొమ్మ అనుకున్నాను ఇన్నాళ్లూ. క్యాంపులో తిరిగే ఈ మీసాలే వేషం. ఇక్కడ ఉండటానికిచ్చిన ఇఖామా కార్డు మీద ఏముంటే అది ఉండనీ.

తేలికపడతాననుకున్నాను. బరువు రెట్టింపైంది. అంతకుముందు ఏదో ఆట గొడవ ఆయన మీదకు నెట్టాననుకున్నాను. నెట్టింది నన్ను నేనే అని అప్పుడు తెలిసింది.

ఇంతవరకూ చదివారు కదా, ఒకటి గమనించారా? తెలుగులో దాక్కోవడం సులువు. వచ్చాను, తిన్నాను, అబద్ధమాడాను, ఎవరైనా అనొచ్చు. ఒక్కచోట మాత్రం దొరికిపోతాం, రోజూ చేసిన పని చెప్పాల్సి వచ్చినప్పుడు. వెళ్లేవాణ్ణి అనాలి, లేదా వెళ్లేదాన్ని అనాలి. ఆ మాట నా గురించి రాకుండా ఇక్కడిదాకా వాక్యాలు మెలితిప్పుకుంటూ వచ్చాను. ఇంటికి ఫోన్ చేసినప్పుడు కూడా అంతే. అలవాటైపోయింది.

పోయిన వారం రాజలింగం అన్న నంబరు సంపాదించి వాయిస్ మెసేజ్ పెట్టాను. "రాజన్నా, ఆ గేమ్ ఆడేదాన్ని నేనే. సరిత నేనే. తప్పు జేసి నీ మీద వెట్టిన."

రెండు రోజులకు జవాబొచ్చింది. మూడే మాటలు. "మరి రూంల జెప్పినవా?"

క్షమించానని లేదు. తిట్టూ లేదు. ఆయన అడిగింది న్యాయం. ఆయన పరువు పోయింది ఈ గదిలో. గంగారాం అన్న ఇంటికి వెళ్లిపోయాడు. మిగిలింది ఇర్ఫాన్ ఒక్కడే.

ఇవాళ శుక్రవారం. నమాజు నుంచి వచ్చి ఇర్ఫాన్ కంచాలు పెట్టాడు. "ఆ రహే హో క్యా?" అని పిలిచాడు, వస్తున్నావా అని, మగవాళ్లను పిలిచినట్టే.

"ఆ రహీ హూఁ," అన్నాను.

అతను నవ్వాడు. "రాజలింగం వాలీ హిందీ?" రాజలింగం మార్కు హిందీయా అని.

"నహీ. సహీ హిందీ బోల్ రహీ హూఁ." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "వో సరితా రాజలింగం నహీ థా. మై థీ." ఆ సరిత రాజలింగం కాదు, నేను.

అతని నవ్వు ఆగిపోయింది. అన్నం గరిటె కింద పెట్టాడు. ఒక్కటే అడిగాడు, "తో ఉస్ దిన్?" మరి ఆ రోజు?

"ఝూఠ్ బోలీ థీ." అబద్ధం చెప్పాను.

అతను చెప్పులేసుకుని బయటికి వెళ్లాడు. అన్నం మూత పెట్టకుండా అలాగే ఉంది. ఎవరికి చెబుతున్నాడో, ఎవరికీ చెప్పకుండా ఎక్కడ కూర్చున్నాడో నాకు తెలియదు. రాజలింగం అన్నకు "జెప్పిన" అని ఒక్క మాట పంపాను. చూశాడు. జవాబు రాయాల్సిన పని ఆయనకు లేదు.

ఆరేళ్లుగా ఈ గదిలో తలుపు చప్పుడైతే చాలు, ఉలిక్కిపడేదాన్ని. ఇప్పుడు వేడిగాలి వస్తున్నా సరే, తలుపు తీసే పెట్టాను.