మా అమ్మాయి పెళ్లిలో నేను చూసిన వీపు

ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. మా అమ్మాయి పెళ్లి పాలకొల్లులో చేశాం. మావారు పోయారు కనుక మా తమ్ముడు, మరదలు పీటల మీద కూర్చుని కన్యాదానం చేశారు. నన్ను కింద మొదటి వరుసలో కూర్చోబెట్టారు. పోనీలే, కళ్లారా చూస్తే చాలనుకున్నాను.

ముహూర్తం వేళయింది. జీలకర్ర బెల్లం పెట్టి అడ్డుతెర తీయబోతుంటే వీడియోగ్రాఫర్ వచ్చి పిల్లల మీదకు వంగాడు. నాకు కనిపించింది అతని వీపే! "పక్కకు జరుగు బాబూ" అని అరిచాను. మేళం హోరులో ఎవరికి వినపడుతుంది? అతను జరిగేసరికి అక్షింతలు కూడా పడిపోయాయి.

భోజనాల దగ్గర పట్టుకుని కడిగేశాను.

"మాక్రో లెన్సండి. జానెడు దూరంలో పెడితేనే జీలకర్ర గింజలతో సహా పడుద్దండి" అన్నాడు.

"దూరం నుంచి తీసే లెన్సే లేదా?"

"ఉందండి. కానీ బరువండి. చెయ్యి కాస్త కదిలినా వీడియో ఊగిపోద్దండి. అందుకే ఈ చిన్నది కొన్నానండి."

"స్టాండు పెట్టుకోవచ్చు కదయ్యా! నీ చెయ్యి నొప్పెట్టకూడదని లెన్స్ ఎంచుకున్నావు. కూర్చున్నవాళ్లం మనుషుల్లా కనపడలేదా?"

"వీడియో వచ్చాక తీరిగ్గా చూసుకోండి మేడమ్" అన్నాడు చల్లగా.

వీడియో వచ్చింది. తీరిగ్గానే చూశాను. జీలకర్ర గింజలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. తెర తొలగిన ఆ క్షణంలో మా అమ్మాయి ముఖం ఎలా ఉందో మాత్రం అందులోనూ లేదు.