ముందుగదిలో ఎక్స్ఛేంజి

ప్రింటింగ్ ప్రెస్‌లో ఉద్యోగం మానేసి ఇంట్లోనే డిజైన్ పని మొదలుపెట్టిన రోజున నాకున్నవి మూడే. ఒక పాత కంప్యూటర్, ఒక ల్యాండ్‌లైన్, ఆ ల్యాండ్‌లైన్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న మా నాన్న. మొదటి రెండూ నేను కావాలని పెట్టించుకున్నవి. నాన్న మాత్రం ఎవరూ పిలవకుండానే వచ్చి కూర్చున్నాడు.

నాన్న రైల్వేలో టెలిఫోన్ ఆపరేటర్. పెళ్లికాక ముందే శ్రీకాకుళం నుంచి రాయపూర్ వచ్చి, స్విచ్‌బోర్డు ముందు చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, రెండు చేతుల్లో రెండు తీగలు పట్టుకుని, ఒకరి గొంతుని ఇంకొకరికి కలుపుతూ సగం జీవితం గడిపాడు. తర్వాత ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి వచ్చింది. ఎవరి నంబరు వాళ్లే తిప్పుకోసాగారు. నాన్నని ఒక గుమాస్తా బల్ల దగ్గరికి మార్చారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాడు. జీతానికేం లోటు రాలేదు గానీ మనిషి చిక్కిపోయాడు, ఇంట్లో మాట్లాడడం కూడా తగ్గించేశాడు.

అప్పటికి మా ఊరు కొత్త రాష్ట్రానికి రాజధాని అయి కొన్నేళ్లయింది. రోజుకో కొత్త ఆఫీసు, కొత్త షాపు. అన్నిటికీ బోర్డులు, కార్డులు, కరపత్రాలు కావాలి. పనికి కొదవ లేదు. కానీ ఇంట్లో కూర్చుని పనిచేసే ఆడపిల్ల అంటే కాలక్షేపానికి చేస్తోందనుకునేవాళ్లు. ఒకాయన ఫోన్‌లో "మీ ఆఫీస్ ఎక్కడ?" అని అడిగితే నీళ్లు నమిలాను. ఆయన మళ్లీ ఫోన్ చేయలేదు. ఆ రోజే నాన్నకి పాఠం చెప్పాను: ఫోన్ నువ్వే ఎత్తాలి, డిజైన్ ఆఫీస్ అనాలి, ఇల్లని మాత్రం చచ్చినా చెప్పకూడదు.

ఫోన్ ఎత్తడం గురించి మా నాన్నకి నేను పాఠం చెప్పడం! ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. రెండో రింగు పూర్తికాకుండానే ఎత్తేవాడు. ఇంట్లో అచ్చం శ్రీకాకుళం యాసలో మాట్లాడే మనిషికి, రిసీవర్ చెవికి ఆనగానే గొంతు మారిపోయేది. "నమస్కార్, డిజైన్ ఆఫీస్. జర హోల్డ్ కీజియే, లైన్ దేతా హూ." లైన్ ఇవ్వడమంటే పొడుగు తీగ ఈడ్చుకుంటూ వచ్చి వెనకగదిలో నా చేతికి రిసీవర్ ఇవ్వడం. బొమ్మ గురించి అడిగితే డిజైన్ సెక్షన్‌కి కలిపేవాడు. ప్రింటు ఎప్పుడొస్తుందంటే డెలివరీ సెక్షన్‌కి కలిపేవాడు. రెండు సెక్షన్లూ నేనే. నేను అన్నం తింటుంటే సెక్షన్ లంచ్‌కి వెళ్లిందనేవాడు. కుక్కర్ కూత ఫోన్‌లో వినబడుతుందని నేను గోల చేస్తే అమ్మ విజిల్ రాకముందే దించేసేది.

"మీ తండ్రీకూతుళ్ల ఆఫీసు కాదు గానీ, ఈ ఇంట్లో పప్పు ఉడకడం మానీసింది" అనేది అమ్మ.

పాత రైల్వే డైరీ ఒకటి ఫోన్ పక్కన పెట్టుకుని అందులో రాసేవాడు నాన్న. ఎవరు చేశారు, ఎన్నింటికి, గొంతు ఎలా ఉంది. "బట్టల షాపు. పదకొండున్నర. తొందర." "స్కూలు మేడమ్. నాలుగు. జలుబు." మర్నాడు ఆ స్కూలు మేడమ్‌కి ఫోన్ చేసి, జలుబు తగ్గిందా అండీ అని అడిగి ఆ తర్వాత పని మాట మొదలుపెట్టేదాన్ని. ఆవిడ పొంగిపోయి తన అక్క నడిపే స్కూలు పని కూడా ఇప్పించింది. నా మొదటి రెండేళ్ల పని చాలావరకు ఆ డైరీలోంచే వచ్చింది.

అలా ఉండగా టాటీబంధ్ దాటాక ఉన్న ఒక బియ్యం మిల్లు సేఠ్ నుంచి కబురొచ్చింది. ఆయన మిల్లులో తయారయ్యే ప్రతి రకం బియ్యానికీ బస్తా మీద కొత్త బొమ్మ, కొత్త రంగులు కావాలి. ఏడాది పొడుగునా పని. అది వస్తే సొంతంగా నిలబడతాను, రాకపోతే మళ్లీ ప్రెస్‌కే. ఆ లెక్క నాకూ తెలుసు, నాన్నకీ తెలుసు. ఒకరోజు నేను బజారునుంచి వచ్చేసరికి నాన్న సంబరంగా ఎదురొచ్చాడు. "సేఠ్ రేపు ఆఫీసుకి వొస్తానన్నాడమ్మా. రమ్మన్నాను. సందు గుర్తులు కూడా చెప్పీసినాను."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు నెత్తికెక్కింది. "ఈ కొంప చూపించడానికా రమ్మన్నావు? ఇంక పని ఇచ్చినట్టే! అక్కడ నీ బోర్డు పీకేశారని ఇక్కడ నా నెత్తిన ఎక్స్ఛేంజి పెట్టావా?"

మాట జారిపోయింది. నాన్న భుజం మీది తువ్వాలు తీసి రిసీవర్ తుడిచి పెట్టి, పెరట్లోకి వెళ్లిపోయాడు.

మర్నాడు సేఠ్ వచ్చాడు. గుమ్మం బయటే చెప్పులు విప్పి, లోపలికి చూసి, ఫోన్ దగ్గరున్న నాన్నని చూసి నవ్వాడు. "హోల్డ్ కీజియే అనేది మీరే కదా?" అన్నాడు హిందీలో. ఆఫీసు వేరే చోటికి మారుస్తున్నామని చెబుదామని రాత్రంతా తయారుచేసుకున్న కథ నేను ఎత్తుకోబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"బేటీ, మీ ఆఫీసులో ఎంతమంది ఉన్నారని మొదటి ఫోన్‌లోనే అడిగాను. ఒక్కతే, మా అమ్మాయి, ఇంట్లోంచే చేస్తుంది అన్నారు మీ నాన్నగారు. పెద్ద ఆఫీసు కావాలంటే వేరే చోట చూసుకోండి, మంచి పని కావాలంటే హోల్డ్‌లో ఉండండి అన్నారు. హోల్డ్‌లో ఉన్నాను."

నాకు తల కొట్టేసినట్టయింది. నాన్న మాత్రం మెలిపడిన ఫోన్ తీగని సరిచేసుకుంటూ కూర్చున్నాడు. సేఠ్ ఖాళీ బస్తా ఒకటి నేలమీద పరిచి, ఈ ప్లాస్టిక్ అల్లిక మీద సన్నగీతలు నిలబడవు, లావుగా గీయాలి అని చూపించాడు. అమ్మ ఇచ్చిన టీ తాగి, నాలుగు రకాల పని అప్పజెప్పి వెళ్లాడు.

"అందరికీ ఇలాగే చెప్పేశావా నాన్నా?" అని అడిగాను.

"అడిగినోళ్లకి చెప్పీసినాను. లైన్ మీద అబద్ధం ఆడలేనమ్మా నాను. అడగనోళ్లకి సెక్షన్ అన్నాను. అది అబద్ధమేటి? రెండు పనులూ నువ్వే చేస్తన్నావు కదా."

ముందురోజు అన్న మాటకి క్షమించమని అడగాలనుకుంటూనే ఆయన కుర్చీ పక్కనే నేలమీద కూర్చున్నాను. నా తలమీద చెయ్యి వేసి, "తిండి తినీ ముందు" అన్నాడు.

ఆ బస్తాలు లారీలెక్కి ఎక్కడెక్కడికో వెళ్లాయి. వాటిని చూసి వేరే మిల్లుల వాళ్లు వచ్చారు, ఆ తర్వాత మసాలాల వాళ్లు, ఆస్పత్రుల వాళ్లు. పని పెరిగేసరికి అందరూ నా మొబైల్ నంబరు అడిగారు. ఇచ్చాను. నా కొత్త విజిటింగ్ కార్డుల మీద మొబైల్ పైన, ల్యాండ్‌లైన్ కింద సన్న అక్షరాల్లో వేశాను. కార్డు అందంగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

కొన్ని నెలలకి ఒక మధ్యాహ్నం వెనకగదిలోంచి మంచినీళ్ల కోసం వచ్చాను. నాన్న రిసీవర్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని ఉన్నాడు. ఎవరితోనూ మాట్లాడటం లేదు. లైన్ పనిచేస్తోందో లేదో విని, మెల్లగా పెట్టేశాడు. డైరీ తెరిచి ఉంది. ఆ రోజు తేదీ రాసి ఉంది, దాని కింద ఏమీ లేదు. ముందురోజూ అంతే. ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి ఆయన బతుకులోకి రెండోసారి వచ్చింది, ఈసారి తెచ్చింది నేను. నీళ్లు తాగకుండానే వెనక్కి వెళ్లి కూర్చుని ఏడ్చాను.

మర్నాడే కార్డులు మార్చాను. ల్యాండ్‌లైన్ పైకి తెచ్చి లావుగా వేశాను. మధ్యాహ్నం దాకా మొబైల్ ఆపేస్తానని, పనేదైనా ఉంటే ఆఫీసుకి చేయమని అందరికీ చెప్పాను. ఒకరిద్దరు విసుక్కున్నారు, ఒకాయన మానేశాడు కూడా. పోతే పోయాడు. ఫోన్ గోల లేని ఆ పొద్దుటిపూటల్లోనే నా మంచి పనంతా జరిగింది. నాన్నతో మాత్రం, "నువ్వు ఎత్తకపోతే నాకు పని సాగదు" అన్నాను. అది అబద్ధం కాదు.

నాన్నకి ఇప్పుడు ఎనభై దాటింది. అమ్మ కుక్కర్ ఇప్పుడు కూతపెట్టినా ఆయనకి సరిగా వినబడదు. ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేసేవాళ్లు దాదాపు లేరు, సేఠ్ ఒక్కడే అప్పుడప్పుడూ చేస్తాడు. అందుకని ఒక దొంగపని అలవాటు చేసుకున్నాను. పొద్దున్నుంచీ ఫోన్ మోగని రోజున, బయటినుంచి నేనే చేస్తాను, గొంతు మార్చి, హిందీలో.

మొన్న తెలీబంధా చెరువు వైపు ఒక షాపు బోర్డు పని చూడటానికి వెళ్లాను. ఎండ మాడ్చేస్తోంది. చెరువు గట్టున ఓ షాపు నీడలో నిలబడి ఇంటికి ఫోన్ చేశాను. ఇప్పుడు ఆరో రింగుకి గానీ ఎత్తలేడు. ఆయన కోసం వాల్యూమ్ పెంచి పెట్టిన రిసీవర్ అవతలినుంచి అదే గొంతు.

"నమస్కార్, డిజైన్ ఆఫీస్."

"మేడమ్ హై క్యా?" అన్నాను, మగగొంతు పెట్టి.

రిసీవర్ చెవికి ఇంకాస్త అదుముకున్న చప్పుడైంది. తర్వాత హిందీలోనే, ఎంతో మర్యాదగా, మేడమ్ బయటికి వెళ్లారని, వచ్చాక చెబుతానని అన్నాడు. థాంక్యూ చెప్పి పెట్టేశాను. దొరకలేదు కదా అని నవ్వుకుంటూ ఆటో ఎక్కాను.

ఇంటికొచ్చేసరికి నాన్న కుర్చీలోనే నిద్రపోయి ఉన్నాడు. ఫోన్ పక్కన మజ్జిగ గ్లాసు, దానిమీద మూత. డైరీ తెరిచే ఉంది. వణికే అక్షరాలతో, ఆ రోజు తేదీ కింద ఒకటే లైను.

"అమ్మాయి. ఒంటిగంటన్నర. దాహం."