ఈరన్న నుదుటి భండారు

పక్కవాడికి ఆ తెలివి ఎలా వచ్చిందని మీరు వాణ్ణే ఎప్పుడైనా అడిగారా? నేను చాలా నెలలు అడగలేదు.

నిన్న వంటింట్లో పసుపు ఒలికితే, ఆ వాసనకు ఆదోనిలో మా పదో తరగతి గుర్తొచ్చింది. లెక్కల సారు బోర్డు మీద ఘన బహుపది రాసీ రాయకముందే, నా పక్కన కూర్చునే ఈరన్న "ఒకటి మూలం సార్" అనేవాడు. వాడి నుదుట ఎప్పుడూ దేవరగట్టు గుడి పసుపు, భండారు, ఉండేది. నాకు కడుపు మండేది. దేవుడు వాడి చెవిలోనే ఎందుకు చెబుతున్నాడు?

దసరాకు మా మామ తెచ్చిన భండారు నుదుటి నిండా పూసుకొని బడికి పోయాను. సారు x³ − 4x² + x + 6 రాశారు. ఈరన్న మాట్లాడలేదు. "ఒకటి సార్" అన్నాను. x బదులు ఒకటి పెట్టి చూస్తే సున్నా రావాలి, నాలుగు వచ్చింది.

"భండారు సాల్లేదేమో, ఇంగింత పూసుకో అప్పా" అన్నారు సారు. తరగతంతా నవ్వింది.

బయట ఈరన్నను నిలదీశాను. "నీకెవరు సెప్తాండారురా?"

"ఎవురు సెప్తారప్పా? గుర్తులతో సహా గుణకాలు కూడుతా. సున్నా వస్తే ఒకటి మూలం. ఈ పొద్దు రాలేదు, గమ్మునుండినా. రెండు పెట్టి సూడు."

రెండు పెట్టాను. సున్నా వచ్చింది.

"మరి భండారు?"

"మాయమ్మ పూస్తాది. వద్దంటే ఇనదు."

నా అసూయ తగ్గలేదు, పెరిగింది. దేవుడిచ్చాడనుకున్నంత కాలం, నాకు రాకపోవడానికి ఒక సాకు ఉండేది. దాన్నీ వాడు లాగేసుకున్నాడు.

మీరు ఎవరిని చూసి కుళ్లుకుంటున్నారో, వాళ్ల దగ్గరికి ఈ రోజే వెళ్లండి. ఎలా చేస్తారో అడగండి. చెప్పింది అక్కడే చేసి చూడండి.